స్క్రాచ్‌లో దాగిన బ్లాకులు, వాటిని వెతికే పిల్లల పక్షాన

“స్క్రాచ్‌లో కనిపించే బ్లాకులతోనే ప్రాజెక్టులు చేయాలి. ఫైలు విప్పి మార్చి తెచ్చినవాటిని దిద్దం.” మా మేనకోడలు వేసవి సెలవుల్లో చేరిన కోడింగ్ క్లాసువాళ్ళు తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో పెట్టిన సందేశమిది. అన్నయ్య దాన్ని నాకు పంపి, “ఈ పాఠం నువ్వు చెప్పిందేనా?” అని అడిగాడు. నేను చెప్పిందే. స్క్రాచ్ అంటే రంగురంగుల బ్లాకులు ఒకదానికొకటి అతికించి పిల్లలు ప్రోగ్రాములు చేసుకునే సాఫ్ట్‌వేర్. ఏడో తరగతి పిల్లకు దాని ఫైలును ఎలా విప్పాలో చూపించాను. చూపించినందుకు సంతోషంగానే ఉన్నాను. ఎందుకో అన్నయ్యకు ఫోనులో చెప్పబోతే మాట పొడుగైపోయింది. అందుకని ఇక్కడ రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే సూటిగా చెప్పేస్తాను. బ్లాకులు పేర్చి ప్రోగ్రాములు రాయించే సాఫ్ట్‌వేర్‌లో, తయారుచేసినవాళ్ళు పైకి చూపించకుండా వదిలేసిన సదుపాయాలు ఉంటాయి. పిల్లలు వాటిని వెతుక్కుంటూ పోతే పాఠం దారి తప్పినట్టు లెక్కకట్టకూడదు. అసలు పాఠం చాలామందికి అక్కడే మొదలవుతుంది. దాగినవాటిలో సగానికి సగం ఎందుకూ పనికిరావని నాకు తెలుసు. అయినా వెతకనివ్వాలనే అంటున్నాను.

స్క్రాచ్ లాంటివాటి గొప్పదనం, రాతలో తప్పు చేసే వీలే లేకపోవడం. ఆకారం కుదరని బ్లాకు అతుక్కోదు. బ్రాకెట్ మూయలేదనీ, చుక్క మరిచిపోయావనీ కంప్యూటర్ విసుక్కోదు. ఎంఐటీ మీడియా ల్యాబ్‌లో మిచెల్ రెస్నిక్ బృందం 2007లో దీన్ని బయటకు తెచ్చిన నాటి నుంచీ ఇన్ని దేశాల పిల్లలు తమ మొదటి ప్రోగ్రామును ఇందులోనే చేశారంటే ఆ వెసులుబాటు వల్లే. దాన్ని తక్కువ చేసే ఉద్దేశం నాకు లేదు. కానీ దాని వెంటే ఒక అపోహ కూడా వస్తుంది. ఎడమ పక్కన రంగురంగుల వరుసలో ఉన్న బ్లాకులు ఎప్పటి నుంచో అలాగే ఉన్నాయనీ, ప్రోగ్రామింగ్ అంటే అవేననీ పిల్లలు అనుకుంటారు. వాటిని కొందరు మనుషులు కూర్చుని తయారుచేశారనీ, కొన్నింటిని ఉంచి కొన్నింటిని తీసేశారనీ వాళ్ళకు తట్టదు. ఆ సంగతి మనం చెప్తే తల ఊపుతారు గానీ, నమ్మకం కుదరాలంటే తీసేసినవి కళ్ళారా చూడాలి.

ఫైలు విప్పితే

స్క్రాచ్ 3.0లో చేసిన ప్రాజెక్టును మన కంప్యూటర్లోకి దించుకుంటే పేరు చివర ఎస్‌బీ3 అని ఉన్న ఫైలు వస్తుంది. నిజానికి అది జిప్ ఫైలు, అంటే చాలా ఫైళ్ళను కలిపి కట్టిన మూట. ఎస్‌బీ3 తీసేసి జిప్ అని పెడితే మామూలుగానే విప్పుకోవచ్చు. విండోస్ వాడేవాళ్ళకు ఇక్కడే మొదటి అడ్డు తగులుతుంది. ఫైలు పేరు చివరి భాగాన్ని విండోస్ కనపడనివ్వదు. వ్యూ మెనూలోకి వెళ్ళి ఎక్స్‌టెన్షన్లు చూపించమని టిక్ పెట్టాలి. “పేరులో ఉన్నదాన్ని కూడా దాస్తారా అత్తా?” అని మా పిల్ల ఆశ్చర్యపోయింది. మేం చూడబోయే దాగిన బ్లాకులకన్నా ముందే, తను రోజూ వాడే కంప్యూటర్లో దాగినది ఒకటి దొరికింది.

విప్పాక లోపల ప్రాజెక్ట్.జేసన్ అనే ఫైలు ఒకటి, దాని చుట్టూ బొమ్మలూ శబ్దాలూ ఉంటాయి. ఆ బొమ్మలకూ శబ్దాలకూ ఉన్నవి మనిషి పెట్టే పేర్లు కావు. ఒక్కొక్కటి 32 అక్షరాల పొడవున అంకెలు, ఎ నుంచి ఎఫ్ దాకా ఇంగ్లీషు అక్షరాలు. ఫైలులో ఉన్న సమాచారం మొత్తాన్ని ఎండీ5 అనే లెక్కలో వేస్తే వచ్చే ఫలితమే ఆ పేరు. తను రెండు ప్రాజెక్టులు విప్పి పక్కపక్కన పెట్టుకుంది. రెండింటిలోనూ పిల్లి ‘మ్యావ్’ శబ్దం ఉంది. పేరు అక్షరం పొల్లుపోకుండా ఒకటే. తరువాత ఒక ప్రాజెక్టులో పిల్లి బొమ్మకు మీసం చెరిపి మళ్ళీ దించింది. ఆ బొమ్మ పేరు మొత్తం మారిపోయింది. “కొంచెమే మార్చాను కదా, పేరు కూడా కొంచెమే మారాలి” అని వాదించింది. ఎందుకు మారదో నేను చెప్పలేదు. ఆ వాదన తన దగ్గర ఉండటమే మంచిది. పెద్ద తరగతుల్లో ఎవరైనా ఇలాంటి లెక్కల గురించి, అంటే హాష్ గురించి చెప్పినప్పుడు, ఆ పిల్ల అప్పటికే ఆ ప్రశ్నతో ఎదురుచూస్తూ ఉంటుంది.

ఇక ప్రాజెక్ట్.జేసన్‌ను నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే ఎక్కడా ఖాళీ లేకుండా ఒకే బారున అక్షరాలు. అందులో మనం పేర్చిన ప్రతి బ్లాకూ తన లోపలి పేరుతో ఉంటుంది. ‘రిపీట్ అన్‌టిల్’ బ్లాకు ఒక షరతు నిజమయ్యేదాకా తన లోపలివాటిని తిప్పుతుంది. దాని లోపలి పేరు కంట్రోల్_రిపీట్_అన్‌టిల్. దాన్ని కొట్టేసి కంట్రోల్_వైల్ అని రాసి, అన్ని ఫైళ్ళనూ తిరిగి జిప్ చేసి, ఎస్‌బీ3 అని పేరు మార్చి స్క్రాచ్‌లో తెరవాలి. వరుసలో ఎక్కడా కనిపించని ‘వైల్’ అనే బ్లాకు ప్రాజెక్టులో ప్రత్యక్షమవుతుంది. పని కూడా చేస్తుంది. రెండింటికీ లోపల ఉన్న అరలు ఒకటే కాబట్టి, అంటే ఒక షరతు, తిప్పవలసిన బ్లాకుల గుంపు, పేరొక్కటి మారిస్తే సరిపోతుంది.

తన ప్రాజెక్టులో పిల్లి అంచును తాకేదాకా కాళ్ళాడిస్తూ నడవాలి. ‘వైల్’ అని మార్చాక, ప్రాజెక్టును నడిపే ఆకుపచ్చ జెండా నొక్కితే పిల్లి కదల్లేదు. పాడైపోయిందనుకుని ఫైలు చెరిపేయబోయింది. ఒక్క నిమిషం ఆగమన్నాను. బ్లాకు మీది షరతు పైకి చదివింది: అంచును తాకుతున్నంతసేపూ నడువు. పిల్లి తెర మధ్యలో నిలబడి ఉంది. తాకడమే లేదు, ఇంకెక్కడి నడక? తట్టగానే పిల్లిని లాక్కెళ్ళి కుడి అంచుకు ఆనించి జెండా నొక్కింది. పిల్లి అంచుకు అతుక్కుని ఆగకుండా కాళ్ళాడిస్తూనే ఉంది. ఎడమ అంచున పెడితే కాస్త లోపలికి నడిచి ఆగిపోయింది. కుడివైపు ఎందుకు ఆగలేదో, ఎడమవైపు ఎందుకు ఆగిందో నోట్‌బుక్‌లో బొమ్మ గీసి మరీ వాళ్ళ నాన్నకు చెప్పింది. ‘అయ్యేదాకా’కీ ‘ఉన్నంతసేపూ’కీ తేడాను ఇంత శ్రద్ధగా వివరించిన పిల్లను మూలసూత్రాలు వదిలేసి ఎటో పోతోందని అనడం న్యాయమా?

ఏమీ చేయని బ్లాకులు

ఇదే దారిలో ఇంకొన్ని దొరుకుతాయి. ‘ఫర్ ఈచ్’ ఉంది, ఒక వేరియబుల్‌ను, అంటే విలువ దాచుకునే పేరును, 1 నుంచి మనం చెప్పిన అంకె దాకా లెక్కపెట్టిస్తూ తిరుగుతుంది. ‘కౌంటర్’ ఉంది, దాన్ని పెంచే బ్లాకూ సున్నాకు తెచ్చే బ్లాకూ దానికి తోడు. ఇవి పనిచేసేవి. నా దృష్టిలో వీటికన్నా విలువైనవి పనిచేయనివి.

‘స్క్రోల్ రైట్’, ‘స్క్రోల్ అప్’ అని బ్లాకులున్నాయి. పిల్లి ఆడే వేదిక మొత్తాన్ని పక్కకో పైకో జరపడానికి ఉద్దేశించినవని పేరే చెబుతోంది. నడిపితే ఏమీ జరగదు. స్క్రాచ్ మూలకోడు, అంటే దాన్ని తయారుచేసినవాళ్ళు రాసిన అసలు కోడు, బహిరంగంగానే ఉంది కాబట్టి తెరిచి చూశాం. కదలికల బ్లాకులు ఉన్న ఫైలులో వీటి పేర్లకు ఎదురుగా ఖాళీ బ్రాకెట్లే ఉన్నాయి. పైన చదివేవాళ్ళ కోసం రాసిన ఒక చిన్న వ్యాఖ్య: పాతకాలం నాటివి, ఏమీ చేయనివి అని.

‘ఆల్ ఎట్ వన్స్’ అనే బ్లాకు కథ ఇంకా బాగుంటుంది. దాని పక్కన మూలకోడులో ఉన్న వ్యాఖ్య చాలా పొడుగు. స్క్రాచ్ 2.0 తయారీ తొలిరోజుల్లో ఈ బ్లాకు తన లోపల ఉన్నవాటిని మధ్యలో తెర మీద గీయకుండా ఒక్క ఊపున నడిపేదట. 2.0 విడుదలకు ముందే ఆ శక్తిని తీసేశారు. అప్పటి నుంచీ అది లోపల ఉన్నవాటిని మామూలుగా నడిపి ఊరుకుంటుంది. 2.0లో అలాగే ఉంది కాబట్టి 3.0లోనూ అలాగే ఉంచారు. ఒకప్పుడు దీనికున్న శక్తి ఇప్పుడు సొంత బ్లాకులు తయారుచేసుకునే చోట, తెరను తాజాపరచకుండా నడపాలా అని అడిగే చిన్న టిక్ గడిలో ఉంది.

“పనికిరాదని తీసేశాక పేరు మాత్రం ఎందుకు ఉంచారు?” మా పిల్ల ఈ ప్రశ్న అడిగినప్పుడు నాకు కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు. ఇరవై ఏళ్ళుగా సాఫ్ట్‌వేర్ పనిలో ఉన్నవాళ్ళను కూడా రాత్రిళ్ళు నిద్రపోనివ్వని ప్రశ్న అది. జవాబు ఆ వ్యాఖ్యలోనే ఉంది: పాత ప్రాజెక్టులు. 2013లో వచ్చిన స్క్రాచ్ 2.0, బ్రౌజర్లలో బొమ్మలూ ఆటలూ నడిపిన ఫ్లాష్ అనే సాఫ్ట్‌వేర్ మీద నడిచేది. 2019 జనవరిలో వచ్చిన 3.0ను బ్రౌజర్లు నేరుగా నడపగలిగే జావాస్క్రిప్ట్ భాషలో మొదటి నుంచి రాశారు. ఆ తరువాత ఏడాది చివరికి ఫ్లాషే మూతపడింది. కింద పునాది మొత్తం మారినా, ఎక్కడో ఎవరో పిల్లవాడు చేసుకున్న పాత ప్రాజెక్టు తెరుచుకోవాలి. అందుకోసం ఎవరో ఇంజనీరు ఖాళీ బ్రాకెట్లు రాసి, ఎందుకు రాశాడో పక్కన వివరణ కూడా పెట్టాడు. చనిపోయిన బ్లాకును కూడా పేరుపెట్టి గుర్తుంచుకునే ఆ శ్రద్ధను ఏ పాఠ్యపుస్తకంలోనూ పిల్లలకు చూపించలేం. ఆ ఖాళీ బ్రాకెట్లు చూశాక, బ్లాకులు ఆకాశం నుంచి ఊడిపడలేదని తనకు వేరే చెప్పవలసిన పని లేకపోయింది.

ఫైలు విప్పకుండానే ఆడుకోదగ్గవీ ఉన్నాయి. షిఫ్ట్ నొక్కి ఉంచి ఆకుపచ్చ జెండా నొక్కితే టర్బో మోడ్ వస్తుంది. ఇది ఎడిట్ మెనూలోనూ ఉంది కాబట్టి పూర్తి రహస్యమేమీ కాదు. పిల్లిని వెయ్యిసార్లు ఒక్కో అడుగు కదిలించే ప్రాజెక్టు మామూలుగా నడిపితే దాదాపు 33 సెకన్లు పడుతుంది. టర్బోలో రెప్పపాటున అయిపోతుంది. 33 ఎక్కడి నుంచి వచ్చిందో పిల్లలనే కనుక్కోమనాలి. తెర సెకనుకు 30 సార్లు గీయబడుతుంది, కదలిక ఉన్న ప్రతి చుట్టూ తెర ఒకసారి గీయబడేదాకా ఆగుతుంది. అలాగే 1ని 0తో భాగిస్తే స్క్రాచ్ ‘ఇన్ఫినిటీ’ అంటుంది. 0ని 0తో భాగిస్తే ‘నాన్’ అంటుంది, అంటే సంఖ్య కాదని. ఆ సంఖ్య కానిదానికి 5 కలిపితే మాత్రం 5 వస్తుంది, లెక్కలోకి దిగేటప్పుడు దాన్ని సున్నాగా తీసుకుంటుంది గనుక. లెక్కల మాస్టారు ఒప్పుకోరు. ఎందుకు ఒప్పుకోరో మాట్లాడుకోవడానికి ఒక పీరియడు చాలదు.

ఆర్ అక్షరంలోని సున్నా

ఈ ఆసక్తి నాకు కొత్తగా పుట్టింది కాదు. స్క్రాచ్ 1.4 రోజుల్లో పైన ఎడమ మూలన స్క్రాచ్ అనే పేరు ఉండేది. షిఫ్ట్ నొక్కి ఆ పేరులోని ఆర్ అక్షరంలో గుండ్రటి ఖాళీ మీద నొక్కితే ఒక మెనూ తెరుచుకునేది. అందులో ‘టర్న్ ఫిల్ స్క్రీన్ ఆఫ్’ ఎంచుకుంటే స్క్రాచ్ మొత్తం ఒక కిటికీలా కుంచించుకుని, దాని వెనక తెల్లటి మైదానం బయటపడేది. ఆ తెలుపు మీద నొక్కితే ఇంకో మెనూ. అది స్క్వీక్. జిరాక్స్ పార్క్ పరిశోధనశాలలో 1970లలో పుట్టిన స్మాల్‌టాక్ అనే ప్రోగ్రామింగ్ భాష వంశానికి చెందిన పరిసరం, 1996లో ఆలన్ కే, డాన్ ఇంగాల్స్ బృందం ఆపిల్‌లో పనిచేస్తూ తెచ్చినది. స్క్రాచ్ ఆ పరిసరంలోనే రాసిన ప్రోగ్రాము కాబట్టి, స్క్రాచ్‌ను నడుపుతున్న కోడు మొత్తం అక్కడే తెరిచి చదవవచ్చు. ఆ కోడులో తాత్కాలిక వేరియబుళ్ళ పేర్లు టీ1, టీ2, టీ3 అని ఉండేవి. మూలకోడు ఫైలు జతలేకపోవడంతో, స్క్వీక్ దాన్ని నడిచే రూపం నుంచి వెనక్కి లాగి చూపించేది. పేర్లు పోయిన కోడును చదివి ఎవరు ఏమిటో ఊహించడం నాకు ఎంతో ఇష్టమైన పని. ఒక మాట మార్చి అక్కడే అంగీకరించమంటే, ప్రోగ్రాము మూసి తెరవకుండానే ఆ మార్పు అమల్లోకి వచ్చేది.

మెష్ అనే సదుపాయం కూడా అక్కడే నిద్రపోతూ ఉండేది. దాన్ని లేపితే రెండు కంప్యూటర్లలోని స్క్రాచ్‌లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునేవి. ఇక్కడ ప్రసారం చేసిన సందేశం అక్కడి పిల్లిని కదిలించేది. 1.4లో దాన్ని మెనూలోకి తేవాలంటే కోడులో చిన్న మార్పు చేయవలసిందే.

ఇలా లోపలికి తొంగిచూడటం వల్ల ఏం ఒరిగిందని అడిగేవాళ్ళకు స్నాప్ అనే ఇంకో బ్లాకుల భాష చరిత్ర చెబుతాను. స్క్రాచ్‌లో పిల్లలు సొంతంగా బ్లాకులు తయారుచేసుకునే వీలు అధికారికంగా 2013లో, 2.0తో వచ్చింది. అంతకు ముందే జర్మనీకి చెందిన యెన్స్ మ్యోనిగ్ ఆ స్క్వీక్ పునాది మీద స్క్రాచ్‌ను మార్చి, సొంత బ్లాకులు కట్టుకోగలిగే బీవైఓబీ తయారుచేశాడు. బర్కిలీ విశ్వవిద్యాలయంలో బ్రయన్ హార్వీ అతనితో చేతులు కలిపాడు. అదే తరువాత జావాస్క్రిప్ట్‌లో తిరగరాసిన స్నాప్ అయింది. కాలేజీ విద్యార్థులకు కంప్యూటర్ శాస్త్రం చెప్పడానికి బర్కిలీలో దాన్నే వాడారు. స్నాప్‌లో ఇప్పటికీ షిఫ్ట్ నొక్కి మెనూ తెరిస్తే మామూలుగా కనిపించని వరుసలు కనిపిస్తాయి. దాచిపెట్టే పద్ధతి కూడా వారసత్వంగా వచ్చిందని నాకు అనిపిస్తుంది.

క్లాసువాళ్ళ మాటలోని న్యాయం

ఇంత చెప్పాక కూడా, ఆ సందేశం పెట్టినవాళ్ళ మాట పూర్తిగా కొట్టిపారేయలేను. ఆ సార్‌తో ఫోనులో మాట్లాడాను. గదినిండా పిల్లలు, గంట సమయం. ఒకరి ఫైలు తెరుచుకోకపోతే మిగతావాళ్ళ పని ఆగుతుంది. “మీ అమ్మాయి ప్రాజెక్టులో బ్లాకు నాకే కొత్త. అది పనిచేయకపోతే తప్పు ఆ పిల్లదా, బ్లాకుదా అని నేనెలా తేల్చాలమ్మా?” అన్నారు. నిజాయితీ గల ప్రశ్న. తేలిగ్గా తీసుకోవడానికి లేదు.

నా సొంత ఉద్యోగంలోనూ నేను పాటించేది ఆయన నియమమే. పరికరాలను పరీక్షించే ప్రోగ్రాములు తయారుచేయడం నా పని. వాడేది ల్యాబ్‌వ్యూ. 1986లో మాకింటాష్ మీద మొదలైన ఇది కూడా గీసి రాసే భాషే, బ్లాకులకు బదులు తీగలు. దాని సెట్టింగుల ఫైలులో ‘సూపర్‌సీక్రెట్‌ప్రైవేట్‌స్పెషల్‌స్టఫ్’ సమానం ‘ట్రూ’ అని ఒక వరుస చేరిస్తే, అప్పటిదాకా లేని గుణాలూ ఆదేశాలూ మెనూల్లో గోధుమరంగులో కనిపిస్తాయి. వాడుకరులు వాటిని తుప్పుపట్టిన మేకులంటారు. అటక మీదికి ఎక్కితే ఎక్కండి, గుచ్చుకుంటే మాకు చెప్పకండి అన్న హెచ్చరిక ఆ మాటలో ఉంది. వాటికి వివరణ పత్రాలుండవు, తరువాతి వెర్షన్‌లో ఉంటాయన్న హామీ ఉండదు. పరీక్షాబల్ల మీద పరికరం పాసైందా లేదా అని తేల్చే ప్రోగ్రాములో అలాంటిది ఒక్కటి కూడా పెట్టను. పెట్టనివ్వను కూడా.

అయితే ఆ మేకులు చూడకపోయి ఉంటే ల్యాబ్‌వ్యూ నాకు ఇంత లోతుగా తెలిసేదే కాదు. ఒక ప్రోగ్రాము ఇంకో ప్రోగ్రామును గీసే స్క్రిప్టింగ్ అందులో ఏళ్ళ తరబడి దాగి ఉంది. ఉత్సాహవంతులు తవ్వి తీసి వాడుతూనే ఉన్నారు. చివరికి 2010 వెర్షన్‌లో అది అధికారికంగా బయటికి వచ్చింది. అప్పటికే తవ్వి చూసినవాళ్ళకు అది కొత్త సదుపాయం కాదు, పాత స్నేహం. కాబట్టి నా దగ్గర నియమాలు రెండున్నాయి. ఎవరికో అప్పజెప్పవలసిన పనిలో దాగినవాటిని ముట్టుకోను. నేర్చుకోవడానికి కూర్చున్నప్పుడు ముట్టుకోకుండా ఉండను. క్లాసులో దిద్దడానికి ఇచ్చేది అప్పజెప్పే పని. అక్కడ సార్ నియమం సరైనదేనని మా పిల్లకూ చెప్పాను, కాస్త మూతి ముడుచుకుని ఒప్పుకుంది. కానీ క్లాసు మొత్తంలో ముట్టుకునే సమయమంటూ ఒకటి ఉండకపోతే ఎలా? ఒక వారంలో ఒక్క గంట, మార్కులు లేని గంట, ఏమి విప్పినా ఏమి విరిగినా అడగని గంట. నా పట్టు దాని మీదే.

ఇంకో సందేహం నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది. వీడియోలు చూసి దాగిన బ్లాకులన్నీ పేర్చి ఉంచిన ప్రాజెక్టును తెచ్చుకునే పిల్లలున్నారు. ఫైలు విప్పరు, అక్షరం మార్చరు, పక్కవాళ్ళ దగ్గర చూపించుకుని మురిసిపోతారు. అది నేర్చుకోవడం ఎలా అవుతుందని మా అన్నయ్యే అడిగాడు. మా పిల్ల స్నేహితుడొకడు అలాగే తెచ్చాడు. ‘కౌంటర్’ ఏం చేస్తుందంటే తెలియదన్నాడు. ఆ వెంటనే మా పిల్ల, “ఇది అందరికీ కలిపి ఒకటేనా, ఒక్కో స్ప్రైట్‌కీ ఒక్కోటా?” అంది. స్ప్రైట్ అంటే పిల్లి, బంతి లాంటి ఒక్కో బొమ్మ. ఇద్దరికీ తెలియదు. వాడు పిల్లికి పెంచే బ్లాకు పెట్టాడు, ఈ పిల్ల బంతికి చదివే బ్లాకు పెట్టింది. జెండా నొక్కితే పిల్లి పెంచిన అంకె బంతి నోట వచ్చింది. అంటే ప్రాజెక్టు మొత్తానికీ ఒకటే. “మరి ఇద్దరూ ఒకేసారి పెంచితే?” అన్నాడు వాడు. అరువు తెచ్చుకున్న బ్లాకైనా సరే, వివరణ దొరకని వస్తువు చేతిలో ఉంటే ప్రశ్న అడగక తప్పదు. పక్కన అడిగే మనిషి ఒకరు కావాలి, అంతే. వరుసలో ఉన్న బ్లాకుకు సహాయపుటల్లో జవాబు ఉంటుంది. దీనికి ప్రయోగం ఒక్కటే జవాబు.

మిగిలిన అభ్యంతరం కంప్యూటర్ల కొరత. ఇంట్లో ల్యాప్‌టాప్ ఉన్న పిల్లలకు ఇదంతా సాగుతుంది, ఒక యంత్రం ముందు ఐదారుగురు ఒరుసుకుంటూ కూర్చునే బడిలో ఫైళ్ళు విప్పుతూ కూర్చుంటే మిగతావాళ్ళ వంతు ఎప్పుడొస్తుంది? దీని గురించి చాలా ఆలోచించాను. ప్రాజెక్ట్.జేసన్ చదవడానికి కంప్యూటర్ అక్కర్లేదని నాకు తోచింది. నాలుగైదు బ్లాకులున్న చిన్న ప్రాజెక్టు తీసుకుని, ఆ ఒకే బారు అక్షరాలను వరుసలుగా విరిచి, కాగితం మీద ముద్రించి పంచవచ్చు. ప్రతి బ్లాకుకూ తన తరువాతి బ్లాకు ఎవరో, పైది ఎవరో అందులో రాసి ఉంటుంది. ఆ గొలుసు పట్టుకుని పిల్లలు బ్లాకుల బొమ్మను గీయాలి. పెన్సిలు చాలు.

అలాంటి కాగితాలు కొన్ని తయారుచేసి ఆ సార్‌కు పంపాను. ఒక శనివారం చివరి అరగంట ఇస్తానన్నారు. మొదటి కాగితంలో అన్నీ తెలిసిన బ్లాకులే. రెండో దానిలో కంట్రోల్_వైల్ ఉంది. మూడో దానిలో, నడక బ్లాకులు రెండింటి మధ్య, ఏమీ చేయని స్క్రోల్ బ్లాకు ఒకటి పెట్టాను. ఎప్పుడూ చూడని ఆ బ్లాకుకు పిల్లలు ఏ ఆకారం గీస్తారో, ఏ రంగు వేస్తారో, అది ఏం చేస్తుందని రాస్తారో చూడాలని ఉంది.